ఆఫీసు మెసేజ్‌లలో ‘పిక్ అప్’: ఒక్కోచోట ఒక్కో అర్థం, ఎట్లా పట్టుకోవాలి?

దేవరకొండ_దారి

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీ నల్లగొండలో చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అమెరికా క్లయింట్‌కు కస్టమర్ సపోర్ట్ చేస్తున్నా. చదవడం, రాయడం ఫర్వాలేదు కానీ ఒక్క మాట దగ్గర ప్రతిసారీ బండి ఆగిపోతోంది. ఈ వారం వచ్చిన మెసేజ్‌ల నుంచి నాలుగు లైన్లు పెడుతున్నా, చూడండి.

1. లెట్స్ పిక్ దిస్ అప్ ఆన్ థర్స్‌డే.
2. కెన్ యు పిక్ అప్ టు మోర్ టికెట్స్ టుడే?
3. వాల్యూమ్స్ విల్ పిక్ అప్ ఆఫ్టర్ థాంక్స్‌గివింగ్.
4. గ్లాడ్ యు పిక్డ్ అప్ ఆన్ హర్ టోన్.

డిక్షనరీ తీస్తే మొదటి అర్థం ఎత్తడం, పైకి తీయడం అని ఉంది. ఈ నాలుగింట్లో ఎత్తేదేమీ లేదు. కింద ఇంకా ఇరవై దాకా అర్థాలున్నాయి. బట్టీ పట్టుడేనా, ఏదైనా పద్ధతి ఉందా?

పాలమూరు_పంతులు

తమ్ముడూ, ముందు నీ నాలుగు లైన్ల సంగతి తేల్చేద్దాం.

మొదటిది: ఇవాళ్టికి ఆపి, గురువారం మళ్లీ ఎత్తుకుందాం. తెలుగులోనూ మాటను, పాటను ‘ఎత్తుకుంటాం’, గమనించు. రెండోది: ఇంకో రెండు టికెట్లు, అంటే కస్టమర్ల ఫిర్యాదులు, నీ మీద వేసుకోగలవా? చూడటానికి ప్రశ్నే గానీ, టీమ్ లీడ్ అడిగితే అది పని అప్పజెప్పడమే. మూడోది: ఆ పండుగ తర్వాత కాల్స్ పెరుగుతాయి. థాంక్స్‌గివింగ్ అమెరికాలో నవంబరు నాలుగో గురువారం. మర్నాటి నుంచి కొనుగోళ్ల సీజన్. కొన్నవాళ్లకు ఫిర్యాదులు తప్పవు, మీకు ఫోన్లు తప్పవు. నాలుగోది మెచ్చుకోలు: ఆమె గొంతులో తేడాను నువ్వు పసిగట్టావు, మంచి పని. అందులో ‘ఆన్’ అనే ముక్కను వదిలేయకు, దాని కథ వేరే ఉంది.

బట్టీ మాత్రం వద్దు. ‘అప్’ అనేది ఏం చేస్తోందో చూడు. పైకి, దగ్గరికి, ఎక్కువకు. నేల మీది పుస్తకం పైకి వస్తుంది. బస్టాండులో దిగిన చుట్టం మన దగ్గరికి, మన బండి మీదికి వస్తాడు. బస్సు షాద్‌నగర్ దాటి ఖాళీ రోడ్డెక్కాక స్పీడు ఎక్కువవుతుంది. మూడింటికీ ఇంగ్లీషువాడు వాడేది పిక్ అప్ ఒక్కటే.

గ్రూప్2_ఆశ

సార్, ఒక్క మాటకు ఇన్ని పనులు చెప్పే బదులు వేరే మాటలు పుట్టించుకోవచ్చు కదా వాళ్లు? ప్రశ్నపత్రంలో ఇట్లా క్రియకు చిన్న ముక్క తగిలిన ఫ్రేజల్ వెర్బ్ బిట్లు కనబడితేనే టెన్షన్.

బత్తాయి_తోట

మనమేం తక్కువ తిన్నాం తమ్మీ? ‘మందు కొట్టినవా?’ అని సాయంత్రం పూట అడిగి చూడు. ట్యాంకు భుజానేసుకుని చేన్ల నుంచి వచ్చేటోడు ఒకటి అనుకుంటడు, బెల్టు షాపు దిక్కు నుంచి వచ్చేటోడు ఇంకోటి అనుకుంటడు. ఇద్దరూ ‘ఆ, కొట్టిన’ అనే అంటరు.

ఫోన్ కొడతం, ఈత కొడతం, గప్పాలు కొడతం. ఎండ కొడుతది, వాసన కొడుతది. పైసలు కొట్టేస్తరు. సామాను తెచ్చుకునేది కూడా కొట్టు నుంచే. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషాయన ఎవరన్నా ఉంటే ఆయన టెన్షన్ ఎట్లుంటదో ఆలోచించు.

గ్రూప్2_ఆశ

😂 ఒప్పుకున్నా అన్నా.

పాలమూరు_పంతులు

బత్తాయి తోట గారు సరిగ్గా చెప్పారు. నువ్వు పడుతున్న ఇబ్బంది కొత్తదేం కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే ఈ గోల ఉంది. క్రియ వెనకాల ఒక చిన్న ముక్క తగిలించి అర్థం మార్చేయడం ఇంగ్లీషులో మరీ ఎక్కువని, పరాయివాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఇదేనని ఆయన రాశాడు. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో ‘టేక్ ఆఫ్’ ఒకటి. దానికి ఆయన చెప్పిన అర్థం నకలు చేయడం! ఇవాళ ఆ మాట వింటే మనకు శంషాబాద్‌లో లేచే విమానం గుర్తొస్తుంది. మాట అదే, పని మారింది.

‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు చాలా తర్వాతిది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ దాన్ని పుస్తకంలోకి తెచ్చాడు. పేరు సూచించింది మాత్రం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు. అంటే మాటలు వందల ఏళ్లుగా నడుస్తున్నాయి, వాటికి పేరు పెట్టి నూరేళ్లే అయింది.

వనపర్తి_వాణి

నమస్తే. నేను ఇంగ్లండ్‌లో నర్సును. సార్ చెప్పిన పైకి, దగ్గరికి, ఎక్కువకు అన్న లెక్క ఇంట్లో కూర్చుని చదువుకునేటప్పుడు బాగుంటుంది. డ్యూటీలో నిలబడి వినేటప్పుడు ఏ దిక్కో ఆలోచించేంత టైం ఉండదు. నా పద్ధతి వేరే. పిక్ అప్ పక్కన ఏ వస్తువు ఉందో అది పట్టుకుంటే చాలు, మిగతాది దానంతట అదే తెలుస్తుంది.

మా వార్డు గ్రూపులో వచ్చేవే చెబుతా. ‘కెన్ ఎనీవన్ పిక్ అప్ ఎ లాంగ్ డే ఆన్ సండే?’ అంటే ఆదివారం పన్నెండు గంటల డ్యూటీ ఎవరైనా చేస్తారా అని. పక్కన షిఫ్ట్ ఉంది కాబట్టి పని మీద వేసుకోవడం. ‘హి పిక్డ్ అప్ ఎ బగ్’ అంటే పురుగును పట్టుకున్నాడని కాదు, ఏదో ఇన్ఫెక్షన్ అంటుకుందని. ‘పిక్ అప్ ది ప్రిస్క్రిప్షన్’ అంటే మందుల షాపుకు పోయి రాసిపెట్టిన మందులు తెచ్చుకోవడం. ‘ద మానిటర్ పిక్డ్ అప్ సమ్‌థింగ్’ అంటే గుండె కొట్టుకోవడంలో తేడాను మిషన్ పట్టేసిందని. (ఇదిగో, మళ్లీ కొట్టుకోవడం వచ్చింది, బత్తాయి తోట అన్నా.)

ఇన్ఫెక్షన్, మందులు, షిఫ్ట్, సిగ్నల్. పక్కన ఉన్నది మారితే అర్థం మారింది. క్రియను చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదు.

పాలమూరు_పంతులు

వాణీ, నువ్వు చెప్పినవన్నీ ‘దగ్గరికి’ కిందికే వస్తాయి కదమ్మా. రోగం తన దగ్గరికి, మందులు తన దగ్గరికి, షిఫ్ట్ తన నెత్తి మీదికి.

వనపర్తి_వాణి

వస్తాయి సార్, కాదనను. కానీ అర్థం ముందే తెలిసినవాళ్లకు ఆ దిక్కు కనిపిస్తుంది. తెలియనివాళ్లకు కనిపించదు. ‘దగ్గరికి’ అని మాత్రమే తెలిసిన పిల్ల ‘పిక్డ్ అప్ ఎ బగ్’ విని ఏమనుకోవాలి?

కోదాడ_రేడియో

అక్క మాటకే నా ఓటు. మానిటర్ సంగతి చెప్పారు కాబట్టి ఇంకోటి. మా చిన్నప్పుడు కోదాడ వైపు రేడియోలో విజయవాడ కేంద్రం మంచిగా ‘పట్టేది’. యాంటెన్నా కాస్త తిప్పాలి, అంతే. ఇంగ్లీషులో అదే ‘ద రేడియో పిక్డ్ అప్ విజయవాడ’. తెలుగులో దానికి పట్టు అనే క్రియ, ఇంగ్లీషులో పిక్ అప్. వాసన పట్టడం, ఆచూకీ పట్టడం, పోలీసు కుక్క జాడ పట్టడం, ఇవి కూడా చాలావరకు పిక్ అప్‌లోకి దిగిపోతాయి.

మిర్యాల_మిల్లు

పోలీసు అన్నారు కాబట్టి నాదీ ఒకటి. ఇంగ్లీషు పేపర్‌లో ‘పిక్డ్ అప్ బై ద పోలీస్’ అని ఉంటే స్టేషన్‌కు లిఫ్ట్ ఇచ్చారని కాదు. మన పేపర్లు రాసే ‘అదుపులోకి తీసుకున్నారు’ అదే. అరెస్టు అనే మాట రాలేదు చూడండి, అక్కడ రెండు భాషలూ ఒకే రకం జాగ్రత్త పడతాయి.

నారాయణపేట_బిడ్డ

మా నాన్న ముంబైలో ఏళ్ల తరబడి సెంట్రింగ్ పని చేసిండు. పాలమూరు లేబర్ అంటే అక్కడ అందరికీ తెలుసు. బడి మొహం చూడని మనిషి మరాఠీలో బేరమాడుతడు, హిందీలో కొట్లాడుతడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలే. గుంపు మేస్త్రీ తిట్లు, పక్క గుడిసెవాళ్ల ముచ్చట్లు, చెవిన పడి పడి వచ్చింది.

దీనికి ‘హి లర్న్‌డ్ మరాఠీ’ అనాలా, ‘పిక్డ్ అప్ మరాఠీ’ అనాలా?

వనపర్తి_వాణి

‘పిక్డ్ అప్’. నూటికి నూరు పాళ్లు. క్లాసుకు పోయి, పుస్తకం పట్టి నేర్చుకుంటే లర్న్‌డ్. మీ నాన్నగారికి వచ్చినట్టు వింటూ వింటూ అబ్బితే పిక్డ్ అప్. తెలుగులో అబ్బడం, ఒంటబట్టడం అంటాం, సరిగ్గా అదే. యాస కూడా అంతే. నాకు తెలియకుండానే ఇక్కడివాళ్ల యాస కొంత వచ్చేసింది, ఊరికి ఫోన్ చేస్తే మా అమ్మ నవ్వుతుంది. చెడు అలవాట్లు కూడా ‘పిక్ అప్’ చేస్తారు. మంచివి అంత తేలిగ్గా రావు గానీ.

మీ నాన్నగారిని చూసి మీరు గర్వంగా ఇంగ్లీషులో ఎక్కడైనా రాస్తే, ‘హి పిక్డ్ అప్ టు లాంగ్వేజెస్ ఆన్ కన్‌స్ట్రక్షన్ సైట్స్’ అని రాయండి. చదివినవాళ్లకు ఆ ఒక్క మాటలోనే ఆయన ఎట్లా నేర్చుకున్నారో తెలిసిపోతుంది.

నారాయణపేట_బిడ్డ

మంచిగున్నది అక్కా. ఈ సారి ఫోన్‌లో నాన్నకు చెప్తా.

బత్తాయి_తోట

నాకొక డౌటు. మా బిడ్డ ఎనిమిదో తరగతి. ‘మై మదర్ పిక్స్ అప్ కాటన్’ అని రాస్తే టీచరమ్మ ‘అప్’ను కొట్టేసింది. పిల్ల అడిగితే ‘అట్లా రాయరు’ అన్నదట, ఎందుకో చెప్పలే. పత్తి ఏరుడే కదా, ఏరడమంటే పిక్ అప్ కాదా?

పాలమూరు_పంతులు

మంచి ప్రశ్న. టీచరమ్మ కొట్టేసింది సరైనదే, కారణం చెబితే ఇంకా బాగుండేది.

చెట్టు మీద ఉన్నదాన్ని తెంపితే, కోస్తే, ఏరితే ఉత్త ‘పిక్’. పిక్ కాటన్, పిక్ ఫ్లవర్స్. కింద పడినదాన్ని వంగి తీసుకుంటే ‘పిక్ అప్’. పత్తి చేనులో పగిలిన కాయలోంచి దూది లాగి ఒడిలో వేసుకుంటున్నంతసేపూ మీ ఇంటావిడ చేస్తున్నది పిక్. గాలికి నేలరాలిన దూదిని వంగి తీస్తే అది పిక్ అప్. మీ తోటలోనూ అంతే. కొమ్మకున్న బత్తాయి తెంపితే పిక్, రాలుకాయ ఏరితే పిక్ అప్. మార్కెట్లో రెంటికీ ధర తేడా ఉన్నట్టే ఇంగ్లీషులోనూ తేడా ఉంది. మన తెలుగు ‘ఏరడం’ చెట్టు మీదిదానికీ నేల మీదిదానికీ రెంటికీ సరిపోతుంది, అందుకే పిల్లకు ఆ తేడా తట్టలేదు.

ఇంకోటి. ‘పిక్’ అంటే ఎంచుకోవడం కూడా. కాబట్టి ‘అప్’ వదిలేస్తే కొన్నిచోట్ల పెద్ద తేడా వస్తుంది.

వనపర్తి_వాణి

ఆ తేడా గురించే నేను చెప్పాలనుకున్నా సార్! మనవాళ్లు చాలామంది ‘ఐ విల్ కమ్ అండ్ పిక్ యు’ అంటారు. హైదరాబాద్‌లో అందరికీ అర్థమవుతుంది. ఇక్కడివాళ్ల చెవికి అది ‘నేను వచ్చి నిన్ను సెలెక్ట్ చేస్తా’ అన్నట్టు వినిపిస్తుంది. ‘పిక్ యు అప్’ అనాలి.

అట్లాగే ‘పికప్ అండ్ డ్రాప్’ అన్నది మన దగ్గర పాతుకుపోయింది. బయట ‘పిక్ అప్ అండ్ డ్రాప్ ఆఫ్’. ‘డ్రాప్ మి ఎట్ ది స్టేషన్’ అన్నప్పుడు ఆఫ్ లేకపోయినా నడుస్తుంది.

మిర్యాల_మిల్లు

‘హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ ద ఫోన్’ సంగతి కూడా చెప్పండక్కా. మా ఆఫీసులో రోజుకు పదిసార్లు వింటా.

వనపర్తి_వాణి

😂 అది పక్కా మన తెలుగువాళ్ల ఇంగ్లీషు. ఫోన్ ఎత్తు, ఫోన్ లేపు అని అంటాం కాబట్టి ‘లిఫ్ట్’ వచ్చి కూర్చుంది. అక్కడ చెప్పాల్సింది ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్’ లేదా ‘నాట్ ఆన్సరింగ్’. తమాషా ఏమిటంటే ఊహ రెండు భాషల్లోనూ ఒకటే. పాత ఫోన్ మీద రిసీవర్ పడుకుని ఉండేది, దాన్ని చేత్తో ఎత్తేవాళ్లం. ఇప్పుడు అద్దం మీద వేలు రాస్తున్నాం, అయినా ఎత్తుతూనే ఉన్నాం.

నార్కట్‌పల్లి_గ్యారేజ్

మా దుకాణం సంగతి ఎవ్వరూ ఎత్తుతలేరు. దినాం మా దగ్గర వినపడే మాటే ఇది: ‘అన్నా, బండికి పికప్ లేదు.’ గేరు మారిస్తే ఇంజను అరుస్తది, బండి మాత్రం కదలదు. చూస్తే క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటయి, లేకుంటే ఎయిర్ ఫిల్టర్ల దుమ్ము పేరుకుని ఊపిరాడక ఉంటది. అద్దంకి రోడ్డు మీద లారీల వెనుక దుమ్ము తాగుకుంట తిరిగే బండ్లకు ఫిల్టరే ముందు పోతది. ఈ పికప్ అనేది అసలు ఇంగ్లీషేనా, మనం పుట్టించుకున్నదా? ఒక కాలేజీ పిలగాడు వచ్చి అది తప్పు, ‘యాక్సిలరేషన్’ అనాలి అన్నడు.

పాలమూరు_పంతులు

ఆ పిల్లగాడికి చెప్పండి, అది మంచి ఇంగ్లీషే. బండి తొందరగా వేగం అందుకునే శక్తికి పికప్ అన్న అర్థం అమెరికన్ నిఘంటువుల్లో ఉంది. ‘పిక్ అప్ స్పీడ్’ అన్న క్రియకు అది నామవాచకం.

నార్కట్‌పల్లి_గ్యారేజ్

బతికించిండ్రు సార్. మరి బొలెరో పికప్‌ల పికప్ ఏంది? అది స్పీడు కోసం కాదు కదా, గొర్లను ఎక్కించుకపోవడానికి.

పాలమూరు_పంతులు

అది వేరే పికప్. సామాను ఎత్తి వేసుకునే బండి. 1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారుకు వెనుక భాగంలో సామాను తొట్టి బిగించి, ‘పికప్ బాడీ’ అని పేరు పెట్టి అమ్మింది. అంతకు ముందు రైతులు, దుకాణందార్లు కారు కొని వెనుక భాగం కోయించి చెక్క తొట్టి కట్టించుకునేవాళ్లు. ఫ్యాక్టరీ నుంచే అట్లా రావడం మొదలయ్యాక ఆ పేరు స్థిరపడింది. చూశారా, ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరూ పికప్ బండీ ఒకే ఏడాది జనంలోకి వచ్చాయి.

పలకడంలో ఒక తేడా చెప్పాలి. క్రియ అయితే ఒత్తు ‘అప్’ మీద పడుతుంది, రెండు మాటలుగా రాస్తాం. నామవాచకం అయితే ఒత్తు ‘పిక్’ మీద పడుతుంది, కలిపి రాస్తాం, బ్రిటన్‌లో నడుమ చిన్న గీత కూడా పెడతారు. బోర్డుల మీద ‘పికప్ పాయింట్’ సరే. మెయిల్‌లో ‘ఐ విల్ పికప్’ అని కలిపి రాస్తే తప్పు.

గద్వాల_మగ్గం

మేం మగ్గం మీద బతికేవాళ్లం. మా దగ్గర పడుగు, పేక. నాడె ఒకసారి అటు నుంచి ఇటు పోతే పడే పేక పోగును ఇంగ్లీషులో ‘పిక్’ అంటారని డిజైన్ నేర్పడానికి వచ్చినాయన చెప్పాడు. బట్ట చిక్కదనాన్ని అంగుళానికి ఎన్ని పిక్‌లో లెక్క పెడతారట. అందుకని ‘పిక్ అప్ ద థ్రెడ్’ అంటే ఇదేనేమో అనుకున్నాను.

పాలమూరు_పంతులు

పేకకు పిక్ అన్నది నిజమే. కానీ ‘పిక్ అప్ ద థ్రెడ్’లో థ్రెడ్ అంటే జారిపోయిన కొస. మాట మధ్యలో ఎవరో వచ్చి ఆగిపోతే, ఆ కొస మళ్లీ అందుకుని చెప్పడం. దేవరకొండ తమ్ముడి మొదటి లైను దీని తమ్ముడే. ‘పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’ అన్నా అదే, ఆపిన చోటు నుంచి మొదలు.

గ్రూప్2_ఆశ

వాణి అక్కా, మీ పద్ధతిలో ఒక చిక్కు. పక్కన వస్తువును చూడమన్నారు. మరి పక్కన ఏ వస్తువూ లేకపోతే? ‘వాల్యూమ్స్ విల్ పిక్ అప్’ అన్నదాంట్లో ఏమీ లేదు కదా.

వనపర్తి_వాణి

బాగా పట్టావు తమ్ముడూ. వెనుక ఏమీ లేకపోతే ముందు ఎవరున్నారో చూడు.

వ్యాపారం, అమ్మకాలు, గిరాకీ, ఆరోగ్యం ఉంటే ‘పుంజుకోవడం’. నిజానికి ఈ అర్థానికి పుంజుకోవడం కంటే మంచి తెలుగు మాట లేదు. గాలి ఉంటే బలంగా వీయడం మొదలైందని. కానీ ఇంగ్లండ్‌లో ‘ద వెదర్ విల్ పిక్ అప్’ అంటే వాతావరణం బాగుపడుతుందని, వాన తగ్గి ఎండ వస్తుందని. గాలి పిక్ అప్ అయితే గొడుగు, వెదర్ పిక్ అప్ అయితే చలవ కళ్లద్దాలు.

ముందు మనిషి ఉండి వెనుక ఏమీ లేకపోతే దాదాపు ఎప్పుడూ ఫోనే. ‘షి డిడ్‌న్ట్ పిక్ అప్.’ లేదంటే సార్ చెప్పిన ఆపిన చోట మొదలుపెట్టడం.

పాలమూరు_పంతులు

ఇక్కడ మాత్రం వాణి పద్ధతే గెలిచింది. నా మూడు దిక్కులతో గాలికీ వెదర్‌కూ తేడా చెప్పలేం.

కోదాడ_రేడియో

ఆడపిల్లలు ఉన్న గ్రూపు కాబట్టి ఒకటి చెప్పి ఉంచాలి. పరిచయం లేని మనిషిని సరసానికి మాటల్లో పెట్టడాన్ని కూడా పిక్ అప్ అంటారు. ‘పికప్ లైన్’ అంటే ఆ పనికి వాడే అరిగిపోయిన డైలాగు. ‘హి పిక్డ్ మి అప్ ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ అంటే ఏ తప్పూ లేదు, కారులో ఎక్కించుకున్నాడని. ‘హి ట్రైడ్ టు పిక్ మి అప్’ అంటే కథ వేరే. సందర్భమే కాపాడుతుంది.

దేవరకొండ_దారి

ఇంత సమాధానం వస్తుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. పంతులు సార్, ఆ ‘ఆన్’ సంగతి మిగిలింది.

పాలమూరు_పంతులు

‘పిక్ అప్’ వెనుక ‘ఆన్’ వచ్చిందంటే చెవికీ కంటికీ సంబంధించిన పని. పైకి చెప్పనిదాన్ని పసిగట్టడం. ‘పిక్డ్ అప్ ఆన్ హర్ టోన్’ అంటే ఆమె కోపంగా ఉన్నానని చెప్పలేదు, గొంతును బట్టి నువ్వే తెలుసుకున్నావు. సపోర్ట్ పనిలో ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు, దాచుకో.

కానీ నడుమ మనిషి దూరితే అర్థం తిరగబడుతుంది. ‘షి పిక్డ్ హిమ్ అప్ ఆన్ హిజ్ స్పెల్లింగ్’ అంటే అతని స్పెల్లింగ్ తప్పును ఎత్తిచూపింది. ఇది బ్రిటన్‌లో ఎక్కువ. వాణి వినే ఉంటుంది.

వనపర్తి_వాణి

రోజూ వింటా సార్, ఎక్కువగా సీనియర్ల నోట.

తమ్ముడూ, ఒక నియమం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో, ఇంటర్వ్యూల్లో దొరికిపోయేది ఇక్కడే. పేరు అయితే రెండు రకాలుగా చెప్పొచ్చు. ‘పిక్ అప్ మై మదర్’, ‘పిక్ మై మదర్ అప్’, రెండూ సరే. ఇట్, దెమ్, హర్, మి లాంటి చిన్న మాట అయితే నడుమే కూర్చోవాలి. ‘పిక్ హర్ అప్.’ ‘పిక్ అప్ హర్’ అని ఎవరూ అనరు. వస్తువు పేరు మరీ పొడుగైతే చివరికి నెట్టేయాలి, నడుమ పెడితే ‘అప్’ వచ్చేసరికి వినేవాడు మరిచిపోతాడు. ‘పిక్ అప్ స్పీడ్’ను మాత్రం విడదీయకు. ‘ఆన్’ ఉన్నదాన్ని కూడా, ‘పిక్ అప్ ఆన్ ఇట్’ అనే.

మిర్యాల_మిల్లు

హోటల్ బిల్లు ఒక్కడే కడితే ‘పిక్డ్ అప్ ద బిల్’, అమెరికాలో ‘ద ట్యాబ్’. ఇది కూడా రాసుకో తమ్మీ, టీమ్ లంచ్‌లో ఎవరైనా అంటే మెల్లగా పర్సు లోపల పెట్టుకోవచ్చు.

గ్రూప్2_ఆశ

‘పిక్ అప్ ద స్లాక్’ కూడా చెప్పండి, మాక్ టెస్టులో వచ్చింది.

వనపర్తి_వాణి

ఒకరు సెలవు పెడితే వాళ్ల పని మిగతావాళ్లు లాగడం. స్లాక్ అంటే తాడులో వదులు. ఆ వదులును ఎవరో ఒకరు గుంజి పట్టాలి. మా వార్డులో ప్రతి చలికాలం ఇదే కథ.

దేవరకొండ_దారి

లీడ్‌కు ఇట్లా రాశా, ఒకసారి చూడండి: ‘షూర్, ఐ కెన్ పిక్ అప్ దెమ్ ఆఫ్టర్ లంచ్. ఐ విల్ పికప్ ద బిల్లింగ్ ఇష్యూ ఆన్ థర్స్‌డే విత్ యు.’

వనపర్తి_వాణి

మొదటిది ‘పిక్ దెమ్ అప్’. రెండోదాంట్లో పికప్‌ను విడదీసి రాయి, ‘విత్ యు’ను థర్స్‌డే కంటే ముందుకు తే. తప్పు బిల్లింగ్ వాళ్లదైతే ‘ఐ విల్ పిక్ ఇట్ అప్ విత్ బిల్లింగ్’ అని కూడా రాయొచ్చు, వాళ్లతో ఈ విషయం మాట్లాడతానని. మిగతాది బాగుంది, పంపేయ్.

నార్కట్‌పల్లి_గ్యారేజ్

మధ్యల ఒక్క ముచ్చట. ‘పిక్ మి అప్’ అని బోర్డు పెట్టిన చాయ్ దుకాణం చూసిన ఎల్‌బీ నగర్ల. ఎవరిని ఎక్కించుకపోవాలె?

కోదాడ_రేడియో

ఎవర్నీ కాదన్నా. మూడు మాటలూ కలిపి ‘పిక్‌మీఅప్’ అంటే నీరసం వదిలించే చాయో కాఫీయో. సాయంత్రం నాలుగింటికి మీరు తాగేది అదే.

నార్కట్‌పల్లి_గ్యారేజ్

అది మాకు పొద్దున ఆరింటికే పడాలె.